బొమ్మ గీసిన చోటల్లా ఆగిపోయిన నవల: కథ, ఎడిటింగ్, బొమ్మల మధ్య ఒక రచయిత్రి కేసు

నేను 14 ఏళ్లు ఒక ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా పనిచేశాను. ఆ తర్వాత తొమ్మిదేళ్లుగా రాత మీద, బొమ్మ మీద బతికేవాళ్లకు వృత్తి సలహాదారుగా ఉంటున్నాను. ఈ కేసు రాయడానికి కారణం ఒకటుంది. ఇందులో నేను రెండుసార్లు తప్పు సలహా ఇచ్చాను. రెండుసార్లూ నా తర్కం నాకు చాలా గట్టిగా కనిపించింది. ఈ పనిలో ఉన్న మరొకరు అదే తప్పు చేయకుండా ఉంటే చాలు.

ఆమె ఇది మొత్తం చదివి సరేనన్నాకే బయట పెడుతున్నాను. పేరు లేదు. ఊరు, వయసు, నవల కథ, కొన్ని కుటుంబ వివరాలు మార్చాను.

నేపథ్యం

ఆమె ఒక డీటీపీ సెంటర్‌లో ప్రూఫులు చూడడంతో మొదలుపెట్టారు. అక్కడే పేజీ పెట్టడం, ఫారాల లెక్క (ఒక్కో పెద్ద షీటు మీద ఎన్ని పేజీలు అచ్చవుతాయన్న లెక్క), అట్ట ఎలా తయారవుతుందో నేర్చుకున్నారు. చిన్నప్పటి నుంచీ బొమ్మలు వేసే చేయి. ఒకరోజు ఒక పుస్తకానికి అట్ట బొమ్మ సమయానికి రాకపోతే ఆమే వేసిచ్చారు. అలా రెండో పని వచ్చింది. వారపత్రికల్లో కథలకు బొమ్మలు వేస్తూ, కథలు ముందుగా చదివే అవకాశం దొరికి, తనూ రాయడం మొదలుపెట్టారు. నా దగ్గరికి వచ్చేసరికి ఒక కథల సంపుటి వచ్చింది, మంచి పేరూ వచ్చింది.

2020 లాక్‌డౌన్ ఆమె లెక్కలన్నీ మార్చేసింది. ఆమెకు నెలనెలా బొమ్మలిచ్చే పత్రికలు అచ్చు ఆపేశాయి. ఆ లోటు పూడ్చడానికి ముఖచిత్రాలు, పిల్లల పుస్తకాలు ఒప్పుకున్నారు. అదే సమయంలో సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకునే రచయితలు పెరిగారు. ఇక్కడివాళ్లు కొందరు, అమెరికాలో స్థిరపడినవాళ్లు కొందరు. వాళ్లందరికీ ఎడిటర్ కావాలి. రాత్రి పదికి ఫోన్, అట్నుంచి డాలస్‌లో ఉదయం. వాళ్లకు అది కాఫీ వేళ, ఈమెకు కొడుకుని పడుకోబెట్టే వేళ.

నవల మొదలుపెట్టి నాలుగేళ్లయింది. డెబ్భయ్యో పేజీ దగ్గర నిలిచిపోయింది.

ఆమె చెప్పిన సమస్య

"టైమ్ చాలడం లేదండీ. మూడింట్లో ఏది వదిలేయాలో మీరే చెప్పండి, వదిలేస్తాను."

ఇదే మొదటి మాట. చెప్పేటప్పుడు గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఇంకోమాట కూడా అన్నారు: "అడివి బాపిరాజు గారు నవలలు రాశారు, బొమ్మలు వేశారు, పత్రికా నడిపారు. నాకెందుకు చేతకావడం లేదు?"

ఆ పోలిక ఆమెను లోపల్లోపల చాలా బాధపెడుతోందని నాకు అర్థమైంది. అందుకే దాన్ని తేలిగ్గా తీసేయలేదు. ఇద్దరం కూర్చుని ఆయన జీవితం ఒకసారి చూసుకున్నాం. న్యాయవాద వృత్తి, బందరు జాతీయ కళాశాల, సినిమాలకు కళాదర్శకత్వం, 1940ల్లో హైదరాబాదులో మీజాన్ పత్రిక సంపాదకత్వం. ఇవన్నీ ఒకే ఏడాదిలో ఒకే భుజం మీద పడ్డవి కావు. మనం మాత్రం ఆ జీవితాన్నంతా ఒకే పేజీలో చదువుతాం కాబట్టి, ఆయన పొద్దున నవల, మధ్యాహ్నం బొమ్మ, సాయంత్రం పత్రిక నడిపినట్టు ఊహించుకుంటాం. ఇది విన్నాక ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత నా డైరీలో ఆ తేదీలు ఫొటో తీసుకున్నారు.

మొదటి సలహా: టైమ్‌టేబుల్

ఆమె టైమ్ అన్నారు కాబట్టి నేనూ టైమే అనుకున్నాను. తెల్లవారి 5 నుంచి 7 వరకు నవల, 10 నుంచి ఒంటిగంట వరకు ఎడిటింగ్, మధ్యాహ్నం బొమ్మలు. మూడింటికీ చోటుంది, ఏదీ వదలనక్కర్లేదు.

మూడు వారాల తర్వాత వచ్చారు. నేను అనుకున్నది, ఆమె పొద్దున లేవలేకపోయి ఉంటారని. కాదు. ఇరవై ఒక్క రోజుల్లో పంతొమ్మిది రోజులు ఐదింటికే లేచి కూర్చున్నారు. కానీ ఆ పంతొమ్మిది రోజుల్లో చేతిలో ఉన్నది ఒక్క పేజీ. అదే పేజీ, పదకొండుసార్లు తిరగరాసింది.

పదకొండు రూపాలూ నాకు చూపించారు. ఎడిటర్‌గా చదివితే ప్రతిదీ ముందుదానికన్నా శుభ్రంగా ఉంది. ఒక విశేషణం తగ్గింది, ఒక వాక్యం పొట్టిదయింది, ఒక "అయితే" పోయింది. కథ మాత్రం అంగుళం కదల్లేదు.

ఇంత శ్రద్ధగా కూర్చున్న మనిషికి సమయం సమస్య కాదని అప్పుడే తేలిపోయింది. అంతవరకు సరిగ్గానే చూశాను. దాని నుంచి నేను తీసిన ముగింపే తప్పు.

రెండో సలహా: ఎడిటింగ్ మానడం

నా తర్కం ఇది. రోజంతా ఇతరుల వాక్యాల్లో తప్పులు వెతికే కన్ను, తెల్లవారుజామున తన వాక్యం మీదా అలాగే పడుతోంది. మొదటి డ్రాఫ్ట్‌కు ఆ కన్ను విషం. కాబట్టి మూడు నెలలు ఎడిటింగ్ పూర్తిగా ఆపండి, బొమ్మలతో ఇల్లు గడపండి అన్నాను. ఆ లక్షణాన్ని నా సొంత ఉద్యోగ కాలంలో ఎంతోమంది సహోద్యోగుల్లో చూశాను. అందుకే అంత నమ్మకంగా చెప్పాను.

ఇది రెండు రకాలుగా బెడిసికొట్టింది.

డబ్బు సంగతి ముందు. ఆమె ఎడిటింగ్ ఆపింది ఆగస్టులో. ఆ నెలల్లోనే దీపావళి సంచికల బొమ్మలు మొదలవుతాయి, వాటి వెనకే డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం కోసం అట్టల పని వచ్చిపడుతుంది. ఎడిటింగ్ ఆదాయం లేదన్న భయంతో ఆమె ఒక్క అట్టనీ కాదనలేదు. ఖాళీ అయిన గంటలన్నీ బొమ్మలు తినేశాయి. ఈ పరిశ్రమలో ఇన్నేళ్లు ఉండి కూడా నేను ఆ నెలలు ఎంచుకోనిచ్చానంటే, ఆమె క్యాలెండర్ చూడకుండా సలహా ఇచ్చానన్నమాటే.

రెండోది నేను అసలు ఊహించనిది. ఆమె రాసిన ఆ కాస్తా ముద్దగా వచ్చింది. "ఇతరుల రాతప్రతి చూస్తున్నప్పుడే నా చెవి పనిచేస్తుందండీ. అది ఆపితే నాకు నా వాక్యమే వినపడటం లేదు" అన్నారు. ఎడిటింగ్ ఆమెకు తిండి పెట్టే పని మాత్రమే అనుకున్నాను. అది ఆమెకు సాధన కూడా. గాయకులకు శ్రుతిపెట్టె ఎలాగో అలా. దాన్ని తీసేయమన్నాను. ఆరు వారాలకే ఆ సలహా వెనక్కి తీసుకున్నాను, క్షమించమని అడిగాను.

స్కెచ్‌బుక్ బయటపడిన రోజు

ఈసారి సలహా ఏదీ ఇవ్వలేదు. నెలరోజులు ఒక నోట్‌బుక్ రాయమన్నాను. ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో ఒక వరస. ఆ పని ముగిశాక తొలి అరగంటలో ఏం చేశారో, మనసెలా ఉందో రెండో వరస. రెండో వరస ఎందుకంటే, పని ఆగిన తర్వాత మనిషిలో మిగిలేదేమిటో నాకు తెలియాలి. గంటలు లెక్కపెట్టి ఒకసారి మోసపోయాను.

నెల తర్వాత నోట్‌బుక్‌తో పాటు, నేను అడిగానని, నవలకు సంబంధించినవన్నీ సంచీలో వేసుకొచ్చారు. అందులో ఒక స్కెచ్‌బుక్ ఉంది. నవలలో ఒక నాయనమ్మ ఉంది. ఆమె ముఖం, చేతులు, వంటింటి కిటికీ, పెరట్లో నుయ్యి, గిలక మీద కట్టిన తాడు, అన్నీ నలభైకి పైగా బొమ్మలు. ఎంత బాగున్నాయంటే, నేను కాసేపు కేసు సంగతే మర్చిపోయాను.

బొమ్మ కింద తేదీ వేసే అలవాటు ఆమెకు ఉంది. ఊరికే కుతూహలంతో, ఆ తేదీల పక్కన డ్రాఫ్ట్ ఫైళ్ల తేదీలు పెట్టి చూశాం. నుయ్యి బొమ్మ గీసిన రెండు రోజులకు నుయ్యి ఉన్న అధ్యాయం ఆగింది. కిటికీ గీసిన వారానికి వంటింటి గొడవ ఆగింది. నాయనమ్మ ముఖాన్ని రంగుల్లో పూర్తి చేసిన తర్వాత నవల మొత్తం డెబ్భయ్యో పేజీ దగ్గర నిలిచిపోయింది.

ఆమె ఆ కాగితం వైపు చూస్తూ నెమ్మదిగా అన్నారు: "గీసేశాక నాకు తీరిపోయేది. ఇంకా చెప్పాల్సింది ఉందనిపించేది కాదు."

కథ రాయించే ఆరాటం ఒకటే ఉంటుంది. మనసులో కదిలేదాన్ని బయటకు తేవాలన్న తపన. ఆమెకు దాన్ని బయటకు తెచ్చే దారులు రెండున్నాయి, అందులో బొమ్మ దారి చాలా దగ్గర. రెండు గంటల్లో నాయనమ్మ కళ్లలోని దిగులు కాగితం మీదికి వచ్చేస్తుంది. అదే దిగులు మాటల్లోకి రావాలంటే ముప్ఫై పేజీలు కావాలి. దగ్గరి దారిలో తీరిపోయిన తపన దూరపు దారిలో నడవదు. ఎడిటింగ్ కన్ను మీద నేను వేసిన నేరంలో కొంత నిజముంది గానీ, పదకొండుసార్లు ఒకే పేజీ తిరగరాయడానికి అసలు కారణం, తర్వాతి పేజీలో చెప్పాల్సింది అప్పటికే స్కెచ్‌బుక్‌లో చెప్పేయడం.

నోట్‌బుక్‌లో ఇంకో చిన్న ఆధారం దొరికింది. ఆ నెలలో ఆమె రాయలసీమ మాండలికంలో ఉన్న ఒక నవల ఎడిట్ చేశారు. అదే వారం తన నవలలో గోదావరి జిల్లా నాయనమ్మ మనవణ్ని "యాడికి పోతాండావు" అని అడిగింది. ముందు అధ్యాయంలో ఇదే నాయనమ్మ "ఎక్కడికెళ్తన్నావురా" అంది. మంచి ఎడిటర్‌కు చెవి మెత్తగా ఉంటుంది. అందుకే ఎవరి గొంతైనా అందులో దిగిపోతుంది.

పని చేసినవి

ఇప్పుడు నిర్ణయాలు సులువయ్యాయి, ఎందుకంటే దేన్నీ వదలక్కర్లేదు. ఏది దేని పక్కన ఉండకూడదో చూసుకుంటే చాలు.

మొదటి నియమం: రాయని దృశ్యాన్ని గీయకూడదు. రాసేసిన అధ్యాయానికి ఎన్ని బొమ్మలైనా వేసుకోవచ్చు. పాత స్కెచ్‌బుక్ నా దగ్గరే పెట్టుకోమని ఆమే ఇచ్చారు. మొదటి రెండు వారాలు చాలా కష్టపడ్డారు, చేయి ఊరుకోలేదు. మూడో వారంలో నుయ్యి అధ్యాయం కదిలింది. ఆ తాడు రాపిడి శబ్దాన్ని మాటల్లో పట్టుకోవడానికి ఒక రోజంతా పట్టిందని, అయినా సంతోషంగా ఉందని మెసేజ్ పెట్టారు.

ఎడిటింగ్ కన్ను కోసం కంప్యూటర్ పక్కన పెట్టి పెన్నుతో రాయమన్నాను. స్క్రీన్ మీద చెరపడం తేలిక, కాగితం మీద కష్టం. ఇది పదిరోజులే పనిచేసింది. తర్వాత ఆమె పాత పేజీలు శుభ్రంగా తిరిగి కాపీ చేయడం మొదలుపెట్టారు. అప్పుడు ఒక క్లిప్పు తెచ్చాం. రాసిన పేజీలన్నీ కలిపి క్లిప్పు పెట్టేయడం, చివరి పేజీలో ఆఖరి నాలుగు వాక్యాలు మాత్రమే బయట కనబడేలా. వెనక్కి చూడాలంటే క్లిప్పు తీయాలి. ఆ చిన్న అడ్డు సరిపోయింది.

ఇంట్లో మరో ఇబ్బంది ఉంది. ఎడిటింగ్‌కు, బొమ్మలకు ఎవరో ఒకరు ఎదురుచూస్తారు, ఫోన్ చేస్తారు, డబ్బు పంపుతారు. నవల కోసం ఎవరూ ఎదురుచూడరు. అందుకే ఆమె బొమ్మ వేస్తుంటే అత్తగారు పిలవరు. రాస్తుంటే "ఖాళీగానే ఉన్నావుగా, పాలు పొంగుతాయేమో చూడమ్మా" అంటారు. ఆవిడ తప్పేమీ లేదు, కనిపించినదే ఆవిడ నమ్మారు. ఒక చిన్ననాటి స్నేహితురాలికి ప్రతి శనివారం సాయంత్రం ఫోన్‌లో ఆ వారం పేజీలు చదివి వినిపించడం మొదలుపెట్టించాను. స్నేహితురాలికి ఒకే షరతు: బాగుంది, బాగాలేదు అనకూడదు, "తర్వాతేమైంది?" అని మాత్రం అడగాలి. కొన్ని వారాలకు అత్తగారే, "శనివారం దగ్గర పడింది, రాసుకో" అనడం మొదలుపెట్టారట.

ఇక డబ్బు. నోట్‌బుక్ మొదటి వరస ఇక్కడ పనికొచ్చింది. ఒక 200 పేజీల నవల ఎడిటింగ్‌కు 12,000 తీసుకున్నారు. ముప్ఫై గంటల పని అనుకున్నారు, పట్టింది అరవై. గంటకు 200 రూపాయలు. అదే నెలలో 6,000 కు వేసిన అట్టకు మార్పులతో కలిపి 14 గంటలు, అంటే గంటకు 400 పైచిలుకు. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఆమె "ప్రూఫ్ చూడండి" అని వచ్చిన పనిలో వాక్యాలు తిరగరాస్తున్నారు, అధ్యాయాలు ముందువెనకలు చేస్తున్నారు. రచయిత అను ఫాంట్లలో (డీటీపీలో వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) ఇచ్చిన ఫైల్‌ను యూనికోడ్‌లోకి మార్చాక ఎగిరిపోయిన ఒత్తులు, విడిపోయిన అక్షరాలు సరిచేయడం కూడా లెక్కలో లేని పనే. అందుకని మూడు ధరలు రాసుకున్నాం. ప్రూఫ్ ఒకటి, భాష సవరణ ఒకటి, కథ నిర్మాణం చూసి సలహా ఇవ్వడం ఒకటి. ఫాంట్ మార్పిడి విడిగా. రచయిత ఏది అడిగితే అదే చేయాలి. మొదట్లో ఇద్దరు రచయితలు వెళ్లిపోయారు. మిగతావాళ్లు ఏం మాట్లాడకుండా కొత్త ధర ఇచ్చారు.

బొమ్మల హక్కుల సంగతి వేరే దెబ్బ. ఆమె వేసిన ఒక అట్ట బొమ్మను, ఆమెను అడగకుండా, ఆ ప్రచురణకర్తే క్యాలెండర్ మీద కూడా వాడుకున్నారు. కాగితం మీద ఒప్పందం లేదు. ఒక న్యాయవాది దగ్గరికి వెళ్లాం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి వేరే ఒప్పందం లేకపోతే వేయించుకున్నవారే మొదటి హక్కుదారు అవుతారు, కథ విషయంలో అలా కాదు అని ఆయన వివరించారు. ఒకే మనిషి చేతిలోంచి వచ్చిన కథకు, బొమ్మకు చట్టం వేరుగా ఉంటుందని ఆమెకు అంతవరకు తెలియదు. తెలుగులో ఒక పేజీ ఉత్తరం తయారుచేసుకున్నాం: ఈ బొమ్మ ఈ పుస్తకం అట్టకు మాత్రమే, హక్కు చిత్రకారిణిదే, మరో వాడకానికి విడిగా అడగాలి. 19వ సెక్షన్‌లో, హక్కులు రాసిచ్చేటప్పుడు కాలం చెప్పకపోతే ఐదేళ్లుగా భావిస్తారని ఉంది. అందుకే కాలాన్ని కూడా రాసిపెట్టాం. రఫ్ (బొమ్మ తొలి చిత్తు) పంపకముందే ఈ ఉత్తరం పంపడం ఇప్పుడు ఆమె అలవాటు.

చివరగా క్యాలెండర్. ఆమె ఏడాదిని కాగితం మీద పరిచి చూస్తే, ఆగస్టు నుంచి డిసెంబరు దాకా బొమ్మలు, అట్టలు, ఎడిటింగ్ అన్నీ మీదపడతాయి. జనవరి తర్వాత కొంచెం తెరిపి, ఉగాదికి మళ్లీ పని. ఏప్రిల్, మే ఖాళీగా కనిపించాయి గానీ, పిల్లాడికి వేసవి సెలవులు. ఆమె వెంటనే "ఆ రెండు నెలలూ వాడివే" అన్నారు. జూన్ రెండో వారంలో బడి తెరిచిన దగ్గర్నుంచి ఆగస్టు మొదటి వారం వరకు, ఎనిమిది వారాలు నవలకు. ఆ ఎనిమిది వారాల్లో ఎడిటింగ్ ఆగదు, కానీ కథలూ నవలలూ తీసుకోరు. వ్యాసాలు, వైద్యం, వ్యవసాయం లాంటి పుస్తకాలే. చెవికి సాధన ఉంటుంది, ఇంకొకరి పాత్ర గొంతు లోపలికి రాదు. మిగతా నెలల్లో నవల ముట్టుకోరు, ముట్టుకోలేదని బాధపడరు. ఈ రెండో భాగం మీద ఆమెతో చాలాసేపు మాట్లాడాల్సి వచ్చింది. రాయని రోజును నేరంగా చూసుకోవడం ఆమెకు ఏళ్లుగా అలవాటైపోయింది.

నాకు తెలిసివచ్చినవి

ఇలాంటి కేసులో ఇప్పుడు నేను మొదట అడిగేది, "ఎన్ని గంటలున్నాయి" అని కాదు. పని ఆగిన తేదీలు, దానికి ముందు వారం మరో పనిలో ఏం జరిగిందో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. అన్ని కేసుల్లోనూ జవాబు బొమ్మలో ఉండదు. ఒకాయనకు పాట కట్టేశాక కథ ఆగింది. ఇంకొకరికి కథను ముందే స్నేహితులందరికీ చెప్పేయడం వల్ల ఆగింది.

ఆదాయం వచ్చే పనిని శత్రువుగా చూడడం నా పొరపాటు. మనిషి చేసే ప్రతి పని ఇంకో పనికి ఏమిస్తోంది, ఏం తీసుకుంటోంది అని రెండూ అడగాలి. ఎడిటింగ్ ఆమెకు చెవిని ఇచ్చింది, గొంతును కొంత తీసుకుంది. నేను రెండోది మాత్రమే చూశాను.

క్లయింట్ ఏడాది క్యాలెండర్ చూడకుండా ఏ పనీ ఆపమనకూడదు. అది డబ్బుకు సంబంధించిన సలహా కూడా అవుతుంది, ఇంటి మీద పడుతుంది.

ప్రస్తుతం

రెండో జూన్ ముగిసి ఆగస్టు వచ్చేసరికి నవల మొదటి డ్రాఫ్ట్ పూర్తయింది. దాన్ని తనే ఎడిట్ చేయబోతున్నానని చెప్పారు. వద్దన్నాను. కారణం ఆమెకే తెలుసు గనుక వాదించలేదు. తను నమ్మే మరో ఎడిటర్‌కు, తను పెట్టుకున్న మూడో ధరే చెల్లించి ఇచ్చారు. రాతప్రతి ఇంకా ఆయన దగ్గరే ఉంది.

స్కెచ్‌బుక్ తిరిగి ఇచ్చేశాను. అట్ట బొమ్మ తనే వేయాలా, ఇంకొకరికి ఇవ్వాలా అని పోయిన నెల అడిగారు. ఎడిటింగ్‌లో నాయనమ్మ చివరి అధ్యాయం మారే అవకాశం ఉంది, అది తేలేదాకా ఆగుదామని ఇద్దరం అనుకున్నాం. ఆమె ఇంకా ఏమీ గీయలేదు.